రుషికొండ మీద వర్జ్యం

ఆ ఆదివారానికి పైడితల్లి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తెల్లవారకముందే కూర్మన్నపాలెంలో బయల్దేరి రుషికొండ చేరాలి. కొండమీద గొడుగు పరుచుకుని గాలి కోసం కూర్చోవాలి. సముద్రం మీంచి గాలి రాగానే ఎగరాలి. దిగాక ఇంటికొచ్చి, తలంటుకుని, సోమవారానికి చీర ఇస్త్రీ చేసుకోవాలి. ఇందులో ఎవరికీ అభ్యంతరం ఉండాల్సిన పని లేదు. కానీ ఒక ఆడపిల్ల తనంతట తాను ఒక పని అనుకున్నాక, దానికి ఎవరూ అడ్డురాని ఆదివారం మన కాలెండర్లలో ఇంతవరకూ అచ్చుపడలేదు.

గొడుగంటే వాన గొడుగు కాదు, పారాగ్లైడర్. పెద్ద నైలాను గుడ్డ, దానికి అరలు అరలుగా కుట్లు, కింద సన్నటి తాళ్ళు, తాళ్ళ చివర మనిషిని బిగించే పట్టీలు. గాలికి ఎదురుగా పరిగెత్తితే అరల్లోకి గాలి దూరి, గుడ్డ ఉబ్బి, నెత్తిమీదికి లేచి, మనిషిని ఎత్తుకుపోతుంది. సైన్యంలో పారాచూట్లతో దూకడం నేర్పి రిటైరైన అర్జునరావు దాన్ని ఏ దేశంనుంచో తెప్పించాడు. పేరు పలకలేక అందరూ గొడుగనేవారు. ఆయన మొదట్లో కోప్పడి, తరవాత తనూ గొడుగనే అనసాగాడు.

పైడితల్లి స్టీల్‌ప్లాంటుకి పొగగొట్టాలు కట్టే ఒక కంట్రాక్టు కంపెనీలో టైపిస్టు. ఆ కంపెనీవాళ్ళు పెట్టుకున్న సాహస క్లబ్బులో చేరిన ఒకే ఒక్క ఆడది. ఆఫీసు మేనేజరూ, క్లబ్బు సెక్రటరీ ఒకరే, గురునాథరావు. ఎలాగూ రెండు వారాల్లో మానేస్తుంది కదా అని ఆయన చేర్చుకున్నాడు. మానెయ్యడం మగవాళ్ళే మానేశారు. ఒకడికి మోకాలు, ఇంకొకడికి మావగారు, మరొకడికి నైట్‌డ్యూటీ. పైడితల్లి మాత్రం మూడు నెలలు రోజూ పొద్దున్నే కాలనీ మైదానంలో ఆ గుడ్డని ఈడ్చుకుంటూ పరిగెత్తింది. "బట్టలారబెట్టుకోడానికి ఇంత దూరం పరిగెట్టాలేటమ్మా?" అని అరుగులమీంచి అడిగేవారు. "మరి మీ ఇంట్లో దండెం ఖాళీ నేదు గదా," అని పరుగు ఆపకుండానే జవాబు చెప్పేది.

అర్జునరావు నేర్పిన పాఠం ఒక్కటే. "ఎగరడం ధైర్యం కాదమ్మా. గాలి మొహానికి కొడితే పరుగెత్తు, వీపుకి కొడితే కూర్చో. కూర్చోవడం చేతకానివాడు ఎగరడానికి పనికిరాడు." అందరికంటే ముందు పైడితల్లి సిద్ధమైందని ఆయన తేల్చిచెప్పాడు.

సిద్ధం కానిది మేనత్త జోగమ్మ ఒక్కతే. అమ్మా నాన్నా పోయాక పైడితల్లిని పెంచింది ఆవిడే. కబురు తెలిసి పెందుర్తినుంచి శనివారమే బస్సులో దిగిపోయింది.

"ఎగిరితే ఎగురు. నాను సూత్తుండగానే ఎగరాల," అంది. "నాను సూడకుండా సచ్చిపోనావంటే ఊరుకోను."

అలా తెల్లవారుజామున ఇద్దరూ కలిసి కొండెక్కారు. ఎక్కేసరికి తను వచ్చింది ఎగరడానికో ఎవరి పెళ్ళికో పైడితల్లికి తెలియలేదు. సప్లయి కంపెనీవాడు షామియానా వేసి కుర్చీలు సర్దుతున్నాడు. మైకుసెట్టువాడు "హలో, హలో" అని సముద్రాన్ని పలకరిస్తున్నాడు. ఆమె పరిగెత్తాల్సిన దారికి సరిగ్గా అడ్డంగా, వాలు మొదలయ్యేచోట, రెండు కర్రలమధ్య రిబ్బను కట్టి ఉంది. సఫారీ సూటులో గురునాథరావు, ఆయన చేతిలో పళ్ళెం, పళ్ళెంలో కొబ్బరికాయ, కర్పూరం, చామంతి దండ.

"ఇదేటి సార్?"

"ఓనరుగారు వస్తున్నారు. భీమశంకరరావుగారే స్వయంగా రిబ్బను కత్తిరిస్తారు. ఏడూ ముప్ఫయ్యైదుకి సిద్ధాంతిగారు దివ్యమైన ముహూర్తం పెట్టారు. ఆయన కత్తిరించడం, నువ్వు ఎగరడం, ఒక్కసారే అయిపోవాలి."

"మరి గాలి సార్?"

"గాలిదేముంది, ఇక్కడున్నదంతా గాలేగా!"

అప్పటికే కొండమీదున్న అర్జునరావు ముందు ఆ కర్పూరం సంగతి చూశాడు. "ఇది నైలాను. నిప్పురవ్వ పడితే తూటు. తూటు పడితే పిల్ల ప్రాణం. గొడుగు దరిదాపుల్లో ఎవరూ అగ్గిపుల్ల గియ్యకూడదు," అని పళ్ళెం లాక్కుని రాయిచాటున పెట్టాడు. అప్పుడు ఆయన చూపు జోగమ్మమీద పడింది. జోగమ్మది అడ్డపొగ. అంటే చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని లోపల్లోపలే పీల్చడం. ఎంతసేపైనా పెదవి విప్పకుండా అలాగే ఉండగలదు.

ఆయన మొహం చూసి జోగమ్మ చుట్ట తీసి, "నిప్పు నా నోట్లో ఉంటే నీకేటి బావూ?" అని అడిగి మళ్ళీ పెట్టేసుకుంది. ఆయన వాదించకుండా ఆవిణ్ణి చెయ్యిపట్టుకు తీసుకెళ్ళి, గొడుక్కి దూరంగా ముందు వైపున, రిబ్బను కర్ర పక్కన ఒక బండరాతిమీద కూర్చోబెట్టాడు.

"నేను కిందికెళ్ళి దిగేచోట జనాన్ని తప్పిస్తాను," అని పైడితల్లితో అన్నాడు. "నా దగ్గర రెండు జెండాలున్నాయి. పచ్చది ఊపితేనే పరుగు. ఎర్రది ఊపితే దేవుడొచ్చి చెప్పినా కదలకు."

దేవుడు రాలేదు కానీ, కాసేపటికి ఓనరుగారు వచ్చాడు.

భీమశంకరరావు గోదావరి జిల్లానుంచి వచ్చి విశాఖపట్నంలో పొగగొట్టాలతో పైకొచ్చిన మనిషి. మర్యాద పెద్దది, బొజ్జ ఇంకా పెద్దది. జీపు దిగి, దండ వేయించుకుని, ఆయాసం తీరాక, "ఏవమ్మా, భయంగా ఉందా?" అని పలకరించాడు.

"భయం నేదండి. గాలే బాగోలేదండి."

"బావుందేవమ్మా! వీపుకి చల్లగా తగుల్తోందండి."

"అదేనండి తప్పు. మొహానికి తగలాలండి."

పైడితల్లి కర్రకి కట్టిన గుడ్డపేలిక చూపించింది. పొద్దున పూట గాలి కొండలమీంచి సముద్రంవైపు వీస్తుంది. పేలిక సముద్రంవైపే లేచి ఉంది. ఎండ ముదిరి నేల వేడెక్కాక గానీ గాలి ఇటు తిరగదు. ఈ సంగతి ఆమె వివరంగా చెప్పింది. గురునాథరావు అంతకంటే వివరంగా నవ్వాడు.

"వెనకనుంచి గాలి వస్తే మంచిదేగా పిచ్చిపిల్లా! సైకిలుమీద వెళ్ళేటప్పుడు వెనకగాలుంటే తొక్కక్కర్లేదు."

"పడవక్కూడా అంతేనండి," అని ఓనరుగారు బలపరిచాడు. "మా గోదాట్లో వెనకగాలికే తెరచాప ఎత్తుతారండి, ఆయ్."

"ఇది పడవ కాదండి. వెనకగాలికి గుడ్డ నెత్తిమీదికి లేవదు. లేచినా ముందుకి మడతపడిపోద్ది. నాను కింద రాళ్ళమీద తేల్తాను."

ఆ మాట మైకులో చెప్పి ఉంటే వినేవారేమో. అంతలో అందరి చూపూ బీచిమీదికి మళ్ళింది. అక్కడ అర్జునరావు ఇసకలో నిలబడి ఎర్రజెండా ఊపుతున్నాడు.

"చూశారా, ఎంత హుషారుగా పిలుస్తున్నాడో!" అని గురునాథరావు జేబురుమాలు తీసి ఊపాడు. మైకువాడు తువ్వాలు ఊపాడు. సప్లయి కంపెనీవాడు కుర్చీ కవరు ఊపాడు. కిందాయన ఇంకా గట్టిగా ఊపాడు. వీళ్ళు ఇంకా ఇంకా గట్టిగా ఊపారు.

"అది ఆగమని సార్!" అని పైడితల్లి అరిచింది.

"ఆగడానికి మనం ఇంకా బయల్దేరందే!" అని గురునాథరావు గడియారం చూసుకుని గొంతు తగ్గించాడు. "చూడమ్మా. ముహూర్తానికి నువ్వు ఎగరాలి. ఎగరకపోతే గొడుగు మా గవర్రాజుకి ఇచ్చేస్తాను. ఆడవాళ్ళ పేర్లు ఇవాళే క్లబ్బులోంచి కొట్టేస్తాను. తరవాత ఏడ్చి లాభం లేదు."

గవర్రాజు ఆయన బావమరిది. గొడుగు సంచి మొయ్యడానికి వచ్చాడు. గాలి గురించి అతనికి తెలిసిందల్లా పీల్చడం, వదలడం.

"నానెక్కేత్తాను బావా! దీనికేటున్నాది?" అని అతను అప్పుడే పట్టీలు తగిలించుకుంటున్నాడు. చెయ్యి పెట్టాల్సిన దాంట్లో కాలు పెట్టి, అది బిగుసుకుపోతే మీసం దువ్వుకున్నాడు.

పైడితల్లికి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటకింద చల్లగా భయం కూడా వేసింది. తను కాదంటే గొడుగు పోతుంది, క్లబ్బు పోతుంది, మూడు నెలల పరుగూ అరుగులమీద నవ్వులకే మిగిలిపోతుంది. వాటిని ఎలాగో దిగమింగవచ్చు. కానీ ఈ మీసాలరాయుడు ఇంకాసేపట్లో రాళ్ళమీద పడి చచ్చిపోతాడు. గాలి గురించి చెప్పి చూసింది. జెండా గురించి చెప్పి చూసింది. ప్రాణం గురించీ చెప్పింది. ఒక్కరికీ చెవికెక్కలేదు. ఓనరుగారు కత్తెర అందుకున్నాడు. అప్పుడు ఆమె నోట్లోంచి ఆ మాట వచ్చేసింది.

"సార్, ఇప్పుడు వర్జ్యం ఉంది."

కత్తెర గాల్లోనే ఆగిపోయింది. మైకులో పాట ఆగిపోయింది. గవర్రాజు పట్టీలోంచి కాలు వెనక్కి లాగేసుకున్నాడు.

"వర్జ్యమా?" అన్నాడు ఓనరుగారు నీరసంగా. "ఎవరు చెప్పారండి?"

"మా అత్త. రేపటి తిథీ వర్జ్యం తెలుసుకోకుండా రాత్రి నిద్రపోదండి. పెందుర్తిలో ఎవర్నైనా అడగండి."

ఇందులో రెండో ముక్క నిజమే. అందరూ బండరాతిమీదున్న జోగమ్మవైపు తిరిగారు. "వర్జ్యం ఉందా అమ్మా?" అని ఓనరుగారే చేతులు జోడించి కేకేశాడు. వెనకగాలి హోరులో ఆవిడకి ఏం వినబడిందో ఏమో, నోట్లో నిప్పు పెట్టుకున్న మనిషి నోరు తెరవలేదు కదా, పెద్దమనిషి దణ్ణం పెట్టాడని బుద్ధిగా తల ఊపింది. "ఎందాకా ఉందమ్మా?" అన్నాడు. దానికీ ఊపింది.

"తొమ్మిది దాటేదాకా ఉంటదండి," అని పైడితల్లి అనువాదం చేసింది.

గురునాథరావు కాదనడానికి నోరు తెరిచి మూసేశాడు. ఏడూ ముప్ఫయ్యైదు ముహూర్తం ఏ సిద్ధాంతీ పెట్టింది కాదు. ఓనరుగారికి ఎనిమిదింటికి టిఫిను పడకపోతే కళ్ళు తిరుగుతాయని ఆయనే పెట్టాడు. ఇప్పుడు పంచాంగం గురించి తర్కానికి దిగితే ఆ సిద్ధాంతిగారి ఊరూ పేరూ చెప్పాల్సొస్తుంది. "అవునవును, నాకూ అనుమానంగానే ఉంది," అని ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

గాలికి ఒక్కడూ విలువివ్వలేదు కానీ వర్జ్యానికి అందరూ ప్రాణం పెట్టారు. ఓనరుగారు మెళ్ళో దండ తీసేసి, ఇది చెల్లదు, వర్జ్యం పోయాక మళ్ళీ వెయ్యమన్నాడు. కొండ దిగి తిరిగొస్తానన్నాడు. వర్జ్యంలో బండి తియ్యనని జీపు డ్రైవరు తాళం బొడ్డో దోపుకున్నాడు. పోనీ టిఫినుకి తెచ్చిన పులిహోరైనా పెట్టమన్నాడు ఓనరుగారు. వర్జ్యంలో మూత తీస్తే అరగదని సప్లయి కంపెనీవాడు గిన్నెమీద కూర్చున్నాడు. ఎనిమిది దాటింది. ఓనరుగారికి కళ్ళు తిరగడం మొదలైంది. పైడితల్లి మాత్రం గొడుగు పక్కన చేరి తాళ్ళు ఒక్కొక్కటే చిక్కు లేకుండా విడదీసుకుంటూ, పేలికనే చూస్తూ కూర్చుంది. అబద్ధం ఆడినందుకు సిగ్గుపడాలని చాలా ప్రయత్నించింది. రాలేదు.

కింద అర్జునరావుకి ఈ కథంతా తెలియదు. ఎర్రజెండా ఊపితే పైనుంచి కేరింతలు కొడుతున్నారు, పైగా ఎవడో మగవాడు పట్టీలు తగిలించుకుంటున్నాడు. ఆయనకి కనబడింది అంతే. "కొండమీద మనిషిని చంపేస్తున్నారు, రండిరా!" అని అరిచి, జెండా భుజాన వేసుకుని కొండెక్కసాగాడు. ఒడ్డున వలలు ఆరబెట్టుకుంటున్న జాలర్లు పదిమంది పైనే, పనులొదిలి ఆయన వెనకాల పడ్డారు.

పైన ఆ దృశ్యాన్ని మొదట చూసింది భీమశంకరరావు. ముందు ఎర్రజెండా, వెనక జనం, గోల చేస్తూ పైకి వస్తున్నారు. కిందటి నెలే కార్మికులు కంపెనీ గేటుముందు అలాంటి జెండాలు పట్టుకుని కూర్చున్నారు. ఆరోజు ఆయన చీకటిపడేదాకా ఆఫీసు బాత్రూంలో ఉండిపోవాల్సి వచ్చింది.

"ఏవండీ గురునాథరావుగారూ! ఆదివారం కూడా వదలరా అండి వీళ్ళు? ఇక్కడ బాత్రూం కూడా లేదండి!"

"మీరు కంగారుపడకండి సార్," అని గురునాథరావు మైకు అందుకున్నాడు. మేనేజరుగా ఆయన నేర్చిన విద్య ఒక్కటే, అడగకముందే ఒప్పేసుకోవడం. "కార్మిక సోదరులారా! శాంతించండి! మీ కోరికలు ధర్మమైనవే! క్యాంటీన్లో ఇడ్లీలు రేపట్నుంచి పెద్దవి చేయిస్తాం! సాంబారు చిక్కగా పోయిస్తాం! సబ్బులు ఇస్తాం! బూట్లు ఇస్తాం!"

వెనకగాలి చేసిన ఉపకారం ఇదొక్కటే. ఆయన మాట పొల్లుపోకుండా కొండ కిందిదాకా చేరింది. ఇడ్లీలనగానే జాలర్లు ఈలలు వేశారు. ఆ ఈలలు విని పైన ఓనరుగారు మరీ భయపడ్డాడు. "చాల్లేదంటున్నారండి! వడలు కూడా ఇస్తామనండి!" అంటూ గురునాథరావు చొక్కా లాగాడు. వడలు కూడా మంజూరయ్యాయి. వడల కబురు విని పల్లెలో మిగిలినవాళ్ళు కూడా బయల్దేరారు.

అర్జునరావు కొండమీదికి వచ్చేసరికి ఊపిరాడ్డంలేదు. జెండా కర్ర ఊతంగా నిలబడి చెయ్యి ఎత్తాడు. గురునాథరావు వంగి నమస్కారం పెట్టి, "ఇంకా ఏం కావాలో చెప్పండి నాయకా," అనబోయి, మొహం చూసి ఆగిపోయాడు.

"మీరా!"

"ఎవరు... ఎగిరింది?"

"ఎవరూ ఎగర్లేదండి. వర్జ్యం."

అర్జునరావు నేలమీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. సైన్యంలో అన్నేళ్ళు నేర్పినా వర్జ్యానికి లోబడి ఆగిన పరుగు ఆయన చూడలేదు. చివరికి పైడితల్లివైపు చూశాడు. ఆమె తల దించుకుని తాళ్ళు సర్దుకుంటోంది. ఆయనకి సంగతి అర్థమైపోయింది. మీసాలు తుడుచుకున్నట్టు నటించి నవ్వు దాచుకున్నాడు.

సరిగ్గా అప్పుడు పేలిక కిందికి వాలింది. కాసేపు చచ్చినట్టు వేలాడింది. ఆపైన మెల్లిగా కదిలి, కొండవైపు లేచింది. ఉప్పువాసనతో చల్లటి గాలి పైడితల్లి మొహానికి తగిలింది.

"ఇదే," అన్నాడు అర్జునరావు, లేచి నిలబడుతూ. జాలర్లలో ఒకతనికి పచ్చజెండా ఇచ్చి దిగేచోటికి పంపించాడు. తను పైడితల్లిని చుట్టివచ్చి ప్రతి బిగింపూ లాగి చూశాడు. తలటోపీ, ఛాతీ పట్టీ, ఎడమ తొడ, కుడి తొడ. తాళ్ళకి చిక్కుల్లేవు. గుడ్డ తడి లేదు. తొమ్మిదీ దాటింది, వర్జ్యమూ పోయిందని ఓనరుగారు ఊపిరి పీల్చుకుని, మళ్ళీ దండ వేయించుకుని కత్తెర పట్టుకున్నాడు.

అప్పుడే జోగమ్మ చుట్ట అయిపోయింది. పీక తీసి దూరంగా ఉమ్మి, నోరు తుడుచుకుని, పొద్దుట్నుంచి మూసిన నోరు తెరిచింది.

"ఓసె గుంటా! ఇప్పుడేటే బయల్దేర్తన్నావ్? ఇందాకల్లా మంచి గడియలంట కూకోని, వర్జెం ఒచ్చినాక ఎగుర్తావేటి?"

ఓనరుగారు కత్తెర పారేశాడు.

"వర్జ్యం ఇప్పుడొచ్చిందా అండి? ఇందాక ఉందని తల ఊపారు కదండీ!"

"నువ్వు దణ్ణం ఎట్టినావు, నాను తలూపినాను. వర్జెం ఇప్పుడే పడినాది బావూ. పదిన్నర దాటాల."

గురునాథరావుకి పోయిన ప్రాణం లేచివచ్చింది. "అంటే అబద్ధం ఆడావన్నమాట! ఇంతమందిని ఎండలో కూర్చోబెట్టి, ఓనరుగారికి టిఫిను లేకుండా చేసి, నాచేత జాలర్లకి వడలు ఒప్పించి... నువ్వు ఎగరవు. ఇవాళే కాదు, ఎప్పటికీ ఎగరవు."

పైడితల్లి పట్టీలు విప్పలేదు. భయం ఎక్కడో తాళ్ళు సర్దేటప్పుడే జారిపోయింది.

"అవును సార్, అబద్ధమే. గాలి బాగోలేదంటే ఒక్కలు ఇన్నేదు. చచ్చిపోతానంటే ఇన్నేదు. వర్జ్యం అంటే ఇన్నారు. మీకు ఇనబడే మాటే సెప్పినాను. లేకపోతే మీ బావమరిది ఈపాటికి రాళ్ళమీద ఉండేవాడు. ఇంతకీ మీ ముహూర్తం ఏ సిద్ధాంతి పెట్టినాడు సార్?"

గురునాథరావు ఓనరుగారి వైపు చూడకుండా ఉండడానికి సముద్రంవైపు చూశాడు. గవర్రాజు రాళ్ళవైపు చూశాడు. చూసి, మీసంమీంచి చెయ్యి తీసేశాడు.

"గాలి ఇప్పుడు బాగున్నాది. నాను ఇప్పుడే ఎగుర్తాను. వర్జ్యంలోనే ఎగుర్తాను," అంది పైడితల్లి.

"మా అమ్మే, వొద్దే," అని జోగమ్మ రిబ్బను ముందుకొచ్చి చేతులు చాపి నిలబడింది. ఈసారి ఆవిడ గొంతులో కోపం లేదు, వణుకుంది. "ఇంకో గంటన్నర ఆగే. నాకున్నది నువ్వొక్కర్తివే."

ఆ మాటకి మాత్రం పైడితల్లి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మేనేజరుని ఎదిరించడం తేలిక, పెంచిన చేతుల్ని దాటిపోవడం కష్టం. "అప్పటికి ఈ గాలి ముదిరిపోద్ది అత్తా. కొత్తదాన్ని, పెద్దగాలిలో ఎగరకూడదు. నీ పెళ్ళి ఏ గడియలో సేసినారు?"

జోగమ్మ చేతులు కొంచెం దిగాయి. "ముగ్గురు పంతుళ్ళు కూకోని ఎట్టినారే. ఏ దోసం నేని గడియ."

"మరి మావయ్యేడీ?"

జోగమ్మ మొగుడు పెళ్ళైన మూడో నెలలో కలకత్తా జనపమిల్లుకి వెళ్ళాడు. ఇంతవరకూ రాలేదు. జోగమ్మ చాపిన చేతులు పూర్తిగా దించేసింది. సముద్రంవైపు ఒకసారి, మేనకోడలి వైపు ఒకసారి చూసింది. బొడ్డోంచి కొత్త చుట్ట తీసి, గొడుక్కి దూరంగానే ఉన్నానని చూసుకుని, గాలికి వీపు పెట్టి ముట్టించింది.

"రిబ్బను తియ్యండి, కాళ్ళకి చుట్టుకుంటుంది!" అని అర్జునరావు అరిచాడు.

"వర్జ్యంలో నేను కత్తిరించనండి," అన్నాడు ఓనరుగారు.

"నిన్నెవుడు కత్తిరించమన్నాడు?" అని జోగమ్మ చుట్ట కొస రిబ్బనుకి ఆనించింది. అది రెండు ముక్కలై రెండు కర్రలకీ వేలాడింది. ఆవిడ కింద రాలిన రవ్వని కాలి మడమతో నలిపి, పక్కకి తప్పుకుని, "ఎగిరీయే గుంటా!" అని కేకేసి, చుట్ట తిరగేసి నోట్లో పెట్టేసుకుంది.

కింద పచ్చజెండా లేచింది. పైడితల్లి పరుగెత్తింది. వెనక గుడ్డ సరసర లేచి నెత్తిమీదికి వచ్చి నిలబడింది. తలెత్తి చూసుకుంది. ఒక్క మడత లేదు. ఇంకా పరుగెత్తింది. ఒక అడుగు నేలమీద పడింది, తరవాతి అడుగుకి నేల లేదు. కాళ్ళు కాసేపు అలవాటుగా గాలిలో పరిగెత్తి, అవసరం లేదని తెలిసి ఆగిపోయాయి.

కొండ వెనక్కి పోయింది. కింద తెప్పలు, వలలు, నురగ, ఆమె నీడ. చెవుల్లో గాలి తప్ప మరో మాట లేదు. ఇన్నాళ్ళూ వద్దన్న గొంతులు ఒక్కటి కూడా ఇంత ఎత్తుకి రాలేకపోయాయి. పైడితల్లి గట్టిగా నవ్వింది. అంత పెద్దగా ఆమె ఏ ఇంట్లోనూ ఏ ఆఫీసులోనూ నవ్వలేదు. ఇసకలో రెండు కాళ్ళమీద దిగి, నాలుగడుగులు నడిచి, అప్పుడు మోకాళ్ళమీద కూర్చుంది. ఒక జాలరి ముసలమ్మ పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని, "తల్లీ, ఆ వడలెప్పుడెడతారు?" అని అడిగింది.

కొండమీద మాత్రం వర్జ్యం పోయేదాకా ఎవరూ కదల్లేదు. పదిన్నర దాటి శుభఘడియ వచ్చాక ఓనరుగారు మూడోసారి దండ వేయించుకుని ఉపన్యాసానికి లేచాడు. చప్పట్లు కొట్టించుకుని కూర్చోబోతే కుర్చీ కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకి పోయాయి. పులిహోర మూత తీస్తే పులిసిపోయి ఉంది. తాళం ఎంత తిప్పినా జీపు స్టార్టు కాలేదు. చివరికి జాలర్లు తోశారు, అదీ ఇడ్లీల సంగతి తేల్చుకున్నాకే.

ఆడవాళ్ళ పేర్లు కొట్టేస్తానన్న మాట గురునాథరావు మళ్ళీ ఎత్తలేదు. ఆ వారమే ఒక మంచి పంచాంగం కొని ఆఫీసులో గడియారం పక్కన వేలాడదీశాడు. అప్పట్నుంచి క్లబ్బులో కొత్తవాళ్ళెవరైనా మొదటిసారి ఎగరాలంటే, ఆయన ముందు దాన్ని తిరగేసి, ఆ రోజు వర్జ్యం ఎప్పుడొస్తుందో చూసి మరీ సరిగ్గా ఆ టైమే ఇస్తున్నాడు.